కవరు మీద కడలి ముద్ర

విశాఖపట్నం: పోస్టుమాన్ ఇచ్చిన కవరును అంచున చింపి, లోపలి ఉత్తరం తీసుకుని, కవరును అవతల పారేయడం మనందరికీ అలవాటే. ఆ పారేసిన కవరు కోసం దేశదేశాల్లో వెదుకులాడేవారున్నారు. వారిలో ఓ తరగతి వారికి స్టాంపు మీద కూడా పెద్ద మోజు ఉండదు. వారికి కావలసింది స్టాంపు మీద పడిన నల్లటి ముద్ర. ఆ ముద్ర ఏ ఓడలో వేశారు, ఏ రేవులో వేశారు, ఏ తేదీన వేశారు అన్నదే వారి ధ్యాస. ఓడల తపాలా ముద్రల సేకరణ అనే ఈ అభిరుచి పడమటి దేశాల్లో ఏనాటి నుంచో ఉంది. అమెరికాలో నౌకా ముద్రల సేకర్తలు 1932లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. మనకు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైబడిన తీరం ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది. రంగం వెళ్లివచ్చిన కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. అయినా ఈ హాబీ పేరు విన్నవారు మన జిల్లాల్లో బహు తక్కువ.

పేరు వినకపోతే పోయిందేమీ లేదు. పాత ఉత్తరాలు పోతున్నాయి, అదీ అసలు సంగతి. ఇల్లు మారేటప్పుడు, పెద్దలు కాలం చేసినప్పుడు, అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. పట్టుచీరలు, ఇత్తడి సామాను పంచుకుంటారు. దస్తావేజులు జాగ్రత్త చేస్తారు. ఉత్తరాల కట్టలు మాత్రం పాత పేపర్లతోపాటు తూకానికి వెళ్లిపోతాయి. అలా వెళ్లిన వాటిలో ఏ ఓడ చరిత్ర ఉందో ఎవరూ చూడరు.

రంగం నుంచి వచ్చిన ఉత్తరం

ముందుగా మన ఇళ్ల సంగతే చూద్దాం. శ్రీకాకుళం నుంచి గోదావరి వరకు ఎన్నో పల్లెల నుంచి జనం కూలికి, కొలువుకు బర్మా వెళ్లారు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు మన తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు మనుషులను మోసుకెళ్లేవి. తిరుగు ప్రయాణంలో మనుషులతోపాటు మనియార్డర్లు, ఉత్తరాలు వచ్చేవి.

ఆ ఉత్తరాలన్నిటిలో మాటలు ఇంచుమించు ఒక్కటే. మహారాజశ్రీ నాన్నగారికి నమస్కరించి వ్రాయునది, ఇచ్చట అంతా క్షేమం, అచ్చట మీ క్షేమ సమాచారములు తెలియజేయవలెను. రాసినవాడు చాలాసార్లు చదువు వచ్చిన మరొకడు. కనుక లోపలి కాగితం చూస్తే అన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి. కవరు చూస్తే మాత్రం ఒకదానికొకటి పోలిక ఉండదు.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అంతకు ముందు రంగూన్‌లో వేసిన ఉత్తరం మీద మన దేశపు స్టాంపే ఉంటుంది. ముద్ర మాత్రం రంగూన్‌ది. ఆ తరవాత అదే రాజుగారి బొమ్మ స్టాంపు మీద బర్మా అని అడ్డంగా అచ్చు కొట్టి వాడారు. అంటే ఒక తండ్రి 1936లో, 1938లో రాసిన రెండు ఉత్తరాలను పక్కపక్కన పెడితే, ఆయన ఉన్నచోటు నుంచి కదలకుండానే పరదేశంలో ఉన్నవాడైపోయిన సంగతి స్టాంపు చెబుతుంది.

తేదీ కూడా అంతే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య ఘోరమైన అల్లర్లు జరిగి ఎందరో చచ్చిపోయారు. ఆ ఏడు జూన్ తేదీతో ముద్ర పడిన ఓ కార్డులో 'ఇచ్చట అంతా క్షేమం' అని ఉంటే ఆ మాటకు బరువు మారిపోతుంది. ముద్ర సరిగా పడకపోయినా, ఎవరో పిల్లవాడు స్టాంపు కోసం ఆ మూల కత్తిరించినా అది మామూలు కార్డే.

1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మాలో చిక్కుకున్న లక్షల మంది కాలినడకన కొండలు దాటి వచ్చారు. రంగం ఉత్తరాల కట్ట ఏ ఇంట్లో ఉన్నా దాదాపు ఆ సమయానికి ఆగిపోతుంది. పోస్టాఫీసు ముద్రల వరుస అక్కడ తెగిపోవడం కంటికి కనబడే విషయం.

విశాఖ అన్నది ఎన్ని రకాలుగా?

పాత ముద్రల్లో ఊళ్ల పేర్లు ఇంగ్లీషువారి నోటికి తిరిగినట్టు ఉంటాయి. వైజాగపటం, బిమ్లిపటం, కోకనాడ, మసూలిపటం. అక్షరాల తీరు, వలయం ఆకారం, తేదీ వేసే పద్ధతి కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. అనుభవం ఉన్న సేకర్త తేదీ చెరిగిపోయిన ముద్రను చూసి కూడా అది ఏ పదేళ్ల నాటిదో ఇంచుమించుగా చెప్పగలడు.

యానాం సంగతి మరీ చిత్రం. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్నా అది ఫ్రెంచివారి ఊరు. 1892 నుంచి అక్కడ ఫ్రెంచి ఇండియా స్టాంపులు వాడుకలో ఉన్నాయి. ముద్ర మీద యానావోఁ అని ఉంటుంది. ఊరు చిన్నది, ఉత్తరాలు తక్కువ, కాబట్టి ఆ ముద్రలు దొరకడమూ తక్కువే. ఫ్రెంచి తపాలా ఓడల్లో వేసే ముద్రకు ఎనిమిది పలకలుండేవి. వలయాకారపు ముద్రల మధ్య అష్టభుజి కనిపిస్తే ఆ ఉత్తరం ఫ్రెంచి స్టీమరు ఎక్కిందేమోనని సేకర్త గుండె కొట్టుకుంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే స్టాంపులు లేని కాలం. కంపెనీ ఓడల కెప్టెన్లు ఉత్తరాలు తీసుకెళ్లి ఇంగ్లండులో తాము చేరిన మొదటి రేవులో అప్పగించేవారు. ఉత్తరానికింత అని కెప్టెనుకు ముట్టేది, మొదట ఒక పెన్నీ, తరవాత రెండు పెన్నీలు. డీల్, పోర్ట్స్‌మత్, ఫాల్మత్ వంటి రేవుల్లో వాటి మీద 'ఇండియా లెటర్' అన్న ముద్ర కొట్టేవారు. కవరు అనేదే ఉండేది కాదు. ఉత్తరాన్ని మడిచి, లక్క వేసి, ఆ మడత మీదే చిరునామా రాసేవారు.

పాకెబో అంటే ఏమిటి?

ఈ హాబీలోకి దిగినవారు మొదట నేర్చుకునే మాట పాకెబో. తపాలా ఓడను ఇంగ్లీషువారు పాకెట్ బోట్ అంటే ఫ్రెంచివారు దాన్ని తమ నోటికి అనువుగా తిప్పుకున్నారు. ప్రపంచ తపాలా వ్యవహారాల్లో ఫ్రెంచి వాడుక కనుక ఆ మాటే నిలిచింది.

దీని వెనుక ఒక చిక్కు ఉంది. ఓడ నడిసముద్రంలో ఉన్నప్పుడు ప్రయాణికుడు ఉత్తరం రాస్తే ఏ దేశపు స్టాంపు అంటించాలి? సముద్రం ఎవరి సొత్తూ కాదు. 1891లో వియన్నాలో జరిగిన ప్రపంచ తపాలా మహాసభ దీనికి ఒక దారి చూపింది. ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తున్నదో ఆ దేశపు స్టాంపు చెల్లుతుంది. ఓడ రేవులో లంగరు వేసి ఉంటే మాత్రం రేవు ఉన్న దేశపు స్టాంపే వేయాలి. 1897లో వాషింగ్టన్ మహాసభలో ఇలాంటి ఉత్తరాల మీద పాకెబో అన్న ముద్ర వేయాలన్న పద్ధతి కుదిరింది.

దీంతో వింత కవర్లు పుట్టాయి. మన జెండా కింద నడిచే ఓడ కొలంబో వెళ్తోందనుకోండి. దారిలో మన స్టాంపు అంటించి ఓడలోని డబ్బాలో ఉత్తరం వేస్తే, కొలంబోలో దింపిన తరవాత మన స్టాంపు మీద కొలంబో ముద్ర పడుతుంది, పక్కన పాకెబో అని ఉంటుంది. అలాగే నార్వే ఓడ ఒకటి విశాఖ రేవుకు వస్తే నార్వే స్టాంపు మీద విశాఖపట్నం ముద్ర పడడానికి వీలుంది. చూసినవాడు పొరపాటు అనుకుంటాడు. నియమం తెలిసినవాడు దాన్ని జాగ్రత్తగా దాచుకుంటాడు.

ఓడలోనే పోస్టాఫీసు

రైల్లో ఉత్తరాలు విడదీసే ఆర్.ఎం.ఎస్. మనకు తెలుసు. అదే పని సముద్రం మీదా జరిగింది. 1868 నుంచి బొంబాయి, సూయజ్ మధ్య నడిచే పి. అండ్ ఓ. కంపెనీ తపాలా స్టీమర్లలో సీ పోస్టాఫీసు పనిచేసింది. తరవాత దాన్ని బొంబాయి, ఏడెన్ మధ్యకు కుదించారు. సీమ తపాలా బొంబాయి చేరేసరికే ఊళ్లవారీగా విడిపోయి సిద్ధంగా ఉండేది, దింపిన వెంటనే రైలు ఎక్కించేవారు. గుమస్తాలు ఊగే ఓడలో, దీపాల వెలుగులో, నిలబడి సార్టింగ్ చేశారు. 1914లో యుద్ధం వచ్చి ఈ ఏర్పాటు ముగిసింది. ఆ కాలపు ఇంగ్లండు ఉత్తరాల వెనుక సీ పోస్టాఫీసు ముద్ర కనిపిస్తుంది. వెనుక అన్న మాట గుర్తుంచుకోవాలి. ముందువైపు స్టాంపు చూసి తృప్తిపడి కవరు తిప్పి చూడనివారికి ఇది దొరకదు.

ఇలాంటి కొలువు ఎంత ప్రమాదమో టైటానిక్ చెబుతుంది. 1912లో మునిగిన ఆ ఓడ పేరు ముందున్న ఆర్.ఎం.ఎస్. అక్షరాలకు రాజ తపాలా ఓడ అని అర్థం. అందులో అయిదుగురు తపాలా గుమస్తాలున్నారు, ముగ్గురు అమెరికావారు, ఇద్దరు బ్రిటిష్‌వారు. నీరు లోపలికి వస్తూంటే రిజిస్టరు ఉత్తరాల సంచులను పై అంతస్తులకు మోశారు. అయిదుగురిలో ఒక్కరూ బతకలేదు.

ప్రసంగవశాత్తు ఇంకో ముచ్చట. పసిఫిక్ సముద్రంలో టోంగా దేశానికి చెందిన న్యువాఫో అనే దీవికి రేవు లేదు. ఓడలు దూరాన ఆగేవి. ఉత్తరాలను రేకు డబ్బాలో పెట్టి మూతకు టంకం వేసి సముద్రంలోకి విసిరితే, ఈతగాళ్లు వెళ్లి తెచ్చేవారు. 1931లో ఒక ఈతగాణ్ణి సొరచేప చంపింది. దాంతో ఈత మాన్పించి పడవలు పంపారు. ఆ ఊళ్లో ఉన్న ఓ వర్తకుడు ఈ ఉత్తరాల మీద 'టిన్ క్యాన్ మెయిల్' అని రకరకాల భాషల్లో ముద్రలు కొట్టి ప్రపంచమంతటా ప్రసిద్ధి తెచ్చాడు. వ్యాపార దృష్టి లేకపోలేదు గానీ కవర్లు మాత్రం ముచ్చటగా ఉంటాయి.

ఊరు చెప్పని ముద్ర

నౌకాదళం ఉత్తరాల తీరు వేరు. మామూలు ముద్ర ఊరి పేరు చెబుతుంది. యుద్ధ నౌక ముద్ర ఊరి పేరు దాస్తుంది. ఓడ ఎక్కడుందో శత్రువుకు తెలియరాదు గదా.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం ఉత్తరాల మీద ఓడ పేరు, రేవు పేరు లేకుండా 'మారిటైమ్ మెయిల్' అన్న ముద్ర వేశారు. సెన్సారు చేసిన గుర్తు పక్కనే ఉండేది. ఆనాడు విశాఖలోని రాయల్ ఇండియన్ నేవీ స్థావరానికి సర్కార్స్ అని పేరు. మన ఉత్తర సర్కారుల పేరే. స్వాతంత్ర్యం తరవాతా ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌గా ఆ పేరు నిలిచింది.

ఇప్పటికీ నావికుడికి ఉత్తరం రాస్తే ఓడ పేరు రాసి, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాస్తారు. ఓడ అండమాన్‌లో ఉందో, అరేబియా సముద్రంలో ఉందో తల్లికి తెలియనక్కరలేదు. ఫ్లీట్ మెయిల్ ఆఫీసుకు తెలిస్తే చాలు. సైనికుల తపాలాలో ఇదే కిటుకు అంకెలతో నడుస్తుంది. 56 ఎ.పి.ఓ., 99 ఎ.పి.ఓ. అన్నవి ఊళ్లు కావు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో ఓ నెంబరు, తేదీ తప్ప మరేమీ ఉండదు. ఏ నెంబరు ఏ సంవత్సరంలో ఎక్కడ పనిచేసిందో ఏళ్ల తరవాత జాబితాలు కూర్చుకోవడమే ఈ సేకర్తల తపస్సు. సైనిక తపాలా విభాగం 1972 మార్చి 1న స్వతంత్ర కోర్ అయింది. రెజిమెంట్ల ఉత్సవాలకు, ఓడల ప్రవేశానికి, వీడ్కోలుకు ఆ విభాగం ప్రత్యేక కవర్లు విడుదల చేస్తూ వచ్చింది.

1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలోనే మునిగిపోయింది. ఆ నెలలో విశాఖ నావికులు ఇళ్లకు రాసిన ఇన్లాండు ఉత్తరాలు కేరళలో, పంజాబులో, బీహారులో ఎక్కడెక్కడి ట్రంకుపెట్టెల్లోనో ఉండాలి. మన జిల్లాల కుర్రాళ్లు బొంబాయి ఓడల నుంచి రాసినవి మన ఇళ్లలో ఉండాలి. ఆనాటి ఓడలు ఇప్పుడు లేవు. 1997 జనవరి 31న విరమించిన పాత విక్రాంత్‌ను 2014లో ముంబయిలో ముక్కలు చేశారు. కురుసుర జలాంతర్గామి ఒక్కటి అదృష్టం చేసుకుంది, 2002 నుంచి విశాఖ బీచి ఒడ్డున మ్యూజియంగా నిలిచింది. మిగతావాటి ఇనుము కరిగిపోయింది. కాగితం మిగిలి ఉంటే ఎక్కడో అటకల మీదే.

విశాఖ ఓడకు స్టాంపు

స్టాంపుల వైపు నుంచి వచ్చేవారికి విశాఖలో మొదలుపెట్టడం సులువు. సింధియా షిప్‌యార్డులో తయారైన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1965 ఏప్రిల్ 5న జాతీయ నౌకాదినానికి విడుదలైన 15 పైసల స్టాంపు మీద ఉన్నది ఆ ఓడే. ఇప్పటికీ అందుబాటు ధరలో దొరికే స్టాంపు అది. తరవాత 1984 నౌకాదళ సమీక్షకు నాలుగు స్టాంపులు కలిసిన సెట్టు వచ్చింది. విశాఖలో 2006లో అబ్దుల్ కలాం, 2022 ఫిబ్రవరి 21న రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రపతులుగా నౌకాదళ సమీక్షలు జరిపారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సమీక్షకు యాభై దేశాల దాకా వచ్చాయి. ఈ సందర్భాల్లో తొలిరోజు కవర్లు వెలువడ్డాయి.

అయితే ఒక మాట. అందమైన బొమ్మ, తళతళలాడే కవరు, ఉత్సవంనాటి ముద్ర ఉన్నది సేకరణకు మంచిదే గానీ అది ఎక్కడికీ పోలేదు. కౌంటరులో పుట్టి ఆల్బంలో చేరింది. మడతలు పడి, చెమట మరకతో, రెండు మూడు ముద్రలతో ఇల్లు చేరిన ఇన్లాండు ఉత్తరం పక్కన అది పెళ్లిఫొటోలా కనిపిస్తుంది. రెండూ ఉండాలి. ఒకటే కొనగలిగితే నా ఓటు ఇన్లాండుకే.

సముద్రం చివరికంటా వెళ్లిన తపాలా ముద్ర కూడా మనకుంది. అంటార్కిటికాలో దక్షిణ గంగోత్రి స్థావరం వద్ద 1984 ఫిబ్రవరిలో పోస్టాఫీసు వెలిసింది. దాన్ని గోవా తపాలా డివిజన్‌కు చేర్చారు. శాస్త్రవేత్త జి. సుధాకరరావు దానికి తొలి గౌరవ పోస్ట్‌మాస్టరు. స్థావరం మంచులో కూరుకుపోయాక పోస్టాఫీసు మైత్రికి మారింది. 2024 ఏప్రిల్ 5న భారతి స్థావరంలో మరొకటి తెరిచారు. ఈ ఉత్తరాలన్నీ మంచు తగ్గి ఓడ వచ్చేదాకా ఆగవలసిందే.

మోసాలూ ఉన్నాయి

డబ్బు చేరిన చోట దొంగ చేరతాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరులో మునిగిన అమెరికా యుద్ధ నౌక అరిజోనాలో పోస్టాఫీసు ఉండేది. మునిగే ముందటి రోజుల ముద్రతో ఉన్న కవర్లకు గిరాకీ ఎక్కువ. గిరాకీని చూసి దొంగ ముద్రలూ తయారయ్యాయి. అసలు స్టాంపు, అసలు కవరు, నకిలీ ముద్ర. స్టాంపు విడుదలైన ఏడాదికి ముందటి తేదీ ముద్రలో ఉంటే దొంగ దొరికినట్టే. ముద్ర స్టాంపు అంచు దాటి కవరు మీదికి వచ్చిందా, సిరా రెండు చోట్లా ఒకే తీరున ఇంకిందా అన్నది భూతద్దంతో చూడాలి. ఇంటర్నెట్టు వేలాల్లో ఫొటో చూసి కొనేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్త పడాలి.

మన నౌకాదళం వారి ఇప్పటి చిరునామాలు, ఓడల రాకపోకలు తెలిపే తాజా కవర్లను నలుగురికీ చూపించడం, ఫొటో తీసి ఫోన్లలో పంచడం తగదు. పాతవి చాలు, అవే బోలెడు.

దాచే తీరు

విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. ఇనుప బీరువా అయినా కాగితానికి బూజు తప్పదు. ఎండిన రోజు చూసి కట్టలు విప్పి నీడలో గాలి తగలనివ్వాలి. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది. సెల్లోటేపు వేయరాదు, ఏళ్లు గడిచాక పచ్చటి మరక మిగిల్చి ఊడిపోతుంది. లామినేషన్ అంతకన్నా అన్యాయం, అది ఇక విడిరాదు. రబ్బరుబాండు వేసవిలో కరిగి కవరుకు అంటుకుంటుంది. వివరాలు రాయదలిస్తే పెన్సిలుతో, వెనుక మూలన.

పూర్వం మన ఇళ్లలో ఉత్తరాలను వంకీ తిప్పిన ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. అలాంటి కవరు నడుమ చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు ఉంటాయి. వేలంలో ఇలాంటివాటికి ధర తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ చిల్లు పూడ్చడానికి, తుప్పు కడగడానికి పూనుకోవద్దు. ఆ ఉత్తరం ఒక ఇంటికి చేరి, చదివించుకుని, తీగకెక్కిందనడానికి అదే సాక్ష్యం.

పిల్లలు స్టాంపుల కోసం కవరు మూలలు కత్తిరించి నీళ్లలో నానబెడతారు. తాతగారి కట్ట వారి చేతికి ఇచ్చే ముందు పెద్దవాళ్లు ఒకసారి చూడాలి. స్టాంపు మీద ముద్ర, కవరు వెనుక చేరిన ఊరి ముద్ర, పంపినవారి చిరునామాలో ఓడ పేరు, ఈ మూడింటిలో ఏది కనబడినా ఆ కవరును పక్కన పెట్టాలి. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక పాత రిజిస్టరు చీటీ అంటించిన కవర్లను కూడా కత్తిరించకుండా ఉంచడం మేలు.

మరో సంగతి చాలామంది పాటించరు. ఉత్తరం ఒకచోట, కవరు ఒకచోట వేరుచేసి పెడతారు. కవరు మీద తేదీ ఉంటుంది, ఉత్తరంలో మనిషి ఉంటాడు. కాగితాన్ని వచ్చిన మడతలోనే ఉంచి, ఏ కవరుది ఆ కవరులో పెట్టి, తేదీ వరుసన పేర్చితే చాలు. స్టాంపులు తెలిసినవారికి తరవాత ఎప్పుడైనా చూపించవచ్చు.